బోరు పాయింటు చూసే పిట్ట

మొన్న జనవరిల వరంగల్ నుంచి కాకినాడ పోయినం, చుట్టాల ఇంట్ల ఫంక్షన్ ఉండె. ఎట్లాగూ అంతదూరం పోయినం గదా అని సముద్రం ఒడ్డున్న కోరింగ మడ అడవుల దిక్కు కూడా పోయొచ్చినం. అక్కడ పోటు తీసినంక బయటపడ్డ బురద మీద బుల్లి బుల్లి పిట్టలు వందల్ల ఉన్నయి. తల పైకి ఎత్తకుండ ముక్కుతోటి టకటకటక గుచ్చుకుంట పోతున్నయి. మా అక్క కొడుకు చూసి "మామా, ఇవి కుట్టుమిషన్ లెక్క గుచ్చుతున్నయి, లోపల ఏముందో వాటికెట్ల తెలుస్తది?" అన్నడు. పిట్టల పుస్తకాలల్ల కూడా ఈ గుచ్చుడును కుట్టుమిషన్‌తోనే పోలుస్తరు, పోరడు సొంతంగనే అనేసిండు.

ఎక్కడి నుంచి వస్తయి, ఎందుకొస్తయి అనేది అందరు రాసేదే, సైబీరియా చలి అని ఒక్క ముక్కల వదిలేస్తున్న. వీటిల్ల లిటిల్ స్టింట్ అని ఒకటుంటది, పాతిక గ్రాములు ఉంటదేమో, అంతే. నాకు మాత్రం పోరడు అడిగిన ప్రశ్ననే పట్టుకుంది, ఎందుకంటే అది మా ఊర్ల బోరు కథే.

మా పెద్దబాపు మూడు బోర్లు వేయిస్తే మూడూ ఫెయిలైనయి. మూడింటికీ కొబ్బరికాయ తోటే పాయింటు చూపిచ్చిన్రు. అరచేతిల కాయ పెట్టుకొని నడుస్తుంటే నీళ్ళున్న కాడ అదంతట అదే లేసి నిలబడతదంట, అది కూడా ఓ పాజిటివ్ బ్లడ్ ఉన్నోళ్ళకేనంట! అసలు కాయను లేపేది నీళ్ళు కాదు, మనకు తెల్వకుండనే మన కండరాలు కొద్దిగ కదులుతయి, దాన్ని ఐడియోమోటార్ అని 1852లనే కార్పెంటర్ అనే డాక్టర్ పేరు పెట్టిండు. నాలుగోసారి జియాలజిస్టును పిలిచినం. ఆయన భూమిల నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి, చివరి రెండింటి నుంచి కరెంటు పంపి, నడిమి రెండింటి మధ్య ఓల్టేజి చూసుకుంట పోయిండు. కింద గట్టి నల్లరాయి ఉంటే కరెంటు లోపలికి పోలేక పక్కకు తిరుగుతది, ఓల్టేజి పెరుగుతది. రాయి కుళ్ళి నీళ్ళు పట్టిన కాడ సులువుగ పోతది, ఓల్టేజి తగ్గుతది.

ఇప్పుడు కరెంటు తీసేసి ఆ జాగల నీళ్ళు పెట్టుండ్రి. పిట్ట తడి ఇసుకల ముక్కు గుచ్చితే ఇసుక గింజల సందుల్ల ఉన్న నీళ్ళు నెట్టుడు పడి నాలుగు దిక్కుల పారిపోవాలె. ఒక పక్క పిట్ట తినే గట్టి చిప్పల గుల్ల అడ్డముంటే ఆ దిక్కు నీళ్ళు పోలేవు, ప్రెషర్ ఆ పక్క కొంచెం ఎక్కువైతది. ముక్కు కొసల చిన్న చిన్న గుంటలుంటయి, వాటిల్ల హెర్బ్‌స్ట్ కార్పసుల్స్ అని ఉల్లిగడ్డ లెక్క పొరలు పొరలుగ చుట్టిన నరాల కొసలుంటయి, ఆ తేడాను పట్టేది అవే. ఇది 1998ల నెదర్లాండ్స్‌ల థూనిస్ పియెర్స్మా అనే పిట్టల సైంటిస్టు వాళ్ళు రెడ్ నాట్ అనే పిట్ట మీద చూసి చెప్పిన మాట, మన స్టింట్ దాని దగ్గరి చుట్టమే. వాసన పట్టుకుంటుందేమో అని అనుమానమొస్తది గదా, అందుకే గుల్లలకు బదులు ఉత్త రాళ్ళు పూడ్చిపెట్టి కూడా చూసిన్రు, రాళ్ళను కూడా పట్టేసింది. రాయికి వాసనేంది, కదులుడేంది. పొడి ఇసుకల మాత్రం ఈ ఉపాయం నడవది, సందుల్ల నీళ్ళుండాలె.

ఓమ్ అనే జర్మన్ సైంటిస్టు 1827ల కరెంటుకు చెప్పింది, డార్సీ అనే ఫ్రెంచి ఇంజనీరు 1856ల ఇసుకల పారే నీళ్ళకు చెప్పింది రెండూ ఒకటే ఆకారం లెక్క: తోపు ఎంతుంటే పారుడు అంత. బడిల వీ ఈజ్ ఈక్వల్ టు ఐఆర్ అని త్రికోణం గీసి బట్టీ పట్టిస్తరు గానీ మీ చేన్ల నీళ్ళకు కూడా ఇదే లెక్కరా అని ఒక్క సారు చెప్పలే మాకు. ఆ లెక్క పిట్టకు పెట్టి చూస్తే: ముక్కు కొస నుంచి నీటి వేగం దూరం వర్గానికి తగ్గుతది, గుల్ల దాన్ని చెదరగొడితే ఆ చెదురు ముక్కు దాక వాపసు వచ్చేటప్పుడు ఇంకోసారి దూరం వర్గానికి తగ్గుతది. అంటే మొత్తం నాలుగో ఘాతం! గుల్ల రెండింతల దూరం పోతే సిగ్నల్ పదహారో వంతు. గుల్ల సైజు రెండింతలైతే ఎనిమిదింతలు పెరుగుతది. ఒక్క గుచ్చుడుతోటి పనికాదు అనేది ఇక్కడ తెలుస్తది, జియాలజిస్టు కడ్డీలు పీకి మళ్ళ పాతినట్టు ఇది ముక్కు పీకి మళ్ళ గుచ్చుకుంట దగ్గరికి పోవాలె. పైగా గుచ్చిన కొద్దీ ఇసుక కుదురుకుంటది, కుదురుకునేటప్పుడు సందుల్ల నీళ్ళ మీద ఇంకింత ఒత్తిడి పడతది.

ఒక తేడా మాత్రం ఉంది. మా జియాలజిస్టు కరెంటు సులువుగ పోయే జాగ వెతికిండు, పిట్ట నీళ్ళు పోకుండ ఆగే జాగ వెతుకుతది. రెడ్ నాట్‌కు దొరికినంక పగలగొట్టే పని కూడా లేదు, గుల్లను గుల్ల లెక్కనే మింగేస్తది, కడుపుల కండ దాన్ని నలగ్గొడతది.

వాపసు వచ్చినంక పోరడు వడ్డేపల్లి చెరువు కట్ట మీద నన్ను నిలబెట్టి, మన ఉల్లంకి పిట్ట కూడా గిట్లనేనా అన్నడు. దాని ముక్కు కొసల కూడా ఆ నరాలున్నయి గానీ అది ఎక్కువ తినేది వానపాములు, పురుగులు. వానపాము మెత్తది, గుల్ల లెక్క నీళ్ళకు గట్టిగ అడ్డం నిలబడది, తాకితేనో కదిలితేనో పట్టాలె. "అయితే కదలకుండ పండుకున్న వానపాము బతికిపోయినట్టేనా మామా" అంటడు. ముక్కు తగలకపోతే బతికినట్టే అన్న.