స్టీరింగ్ కన్నా ముందు బరువు: క్యాబిన్ బోటు నేర్చుకునేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేటిలో చిన్న క్యాబిన్ బోటు నడపడం నేర్పుతుంటాను. ఇరవై మూడడుగుల ఫైబర్ బోటు. వెనక బయట తగిలించిన ఒకటే అవుట్‌బోర్డ్ ఇంజన్, ముందు ముగ్గురు తల దాచుకునేంత గది. నా దగ్గరికి రెండు రకాల వాళ్ళు వస్తారు. ఒకరు పాలెం కుర్రాళ్ళు, చిన్నప్పటి నుంచి సముద్రం మీదే పెరిగినవాళ్ళు. రెండోవాళ్ళు నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి వచ్చే కారు డ్రైవర్లు, టూరిజం బోట్లలో పని దొరుకుతుందని నేర్చుకునేవాళ్ళు. ఇద్దరికీ తెలివి ఉంది, చెయ్యి ఉంది. కానీ ఇద్దరూ కొన్ని నమ్మకాలు వెంట తెచ్చుకుంటారు. మొదటి నాలుగు రోజులూ వాటిని వదిలించడానికే సరిపోతుంది. అందుకే అవన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: కారు బాగా నడిపేవాడికి బోటు ఒక లెక్క కాదు.

కారులో ముందు చక్రాలు తిరుగుతాయి, వెనక భాగం వాటి వెంట వస్తుంది. బోటులో తిరిగేది వెనక భాగం. స్టీరింగ్ కుడికి తిప్పితే బోటు వెనక భాగం ముందు ఎడమకు జరుగుతుంది, అప్పుడు ముక్కు కుడికి చూస్తుంది. జెట్టీకి ఆనుకుని ఉన్న బోటును కారులా పక్కకు తిప్పి బయటికి తీయబోతే వెనక మూల వెళ్ళి జెట్టీ స్తంభానికి రాసుకుంటుంది. మా బోటు వెనక కుడి మూలన ఉన్న అతుకులన్నీ అలా వచ్చినవే. బయటికి రావాలంటే ముందు ముక్కు వైపు తాడు కట్టి ఉంచి, స్టీరింగ్‌ను జెట్టీ వైపు తిప్పి, చాలా నెమ్మదిగా ముందుకు గేరు వేయండి. వెనక భాగం దానంతటదే జెట్టీ నుంచి విడివడుతుంది. అప్పుడు తాడు విప్పుకుని రివర్స్‌లో బయటికి వస్తే చాలు.

ఇంకో తేడా ఉంది, ఇది అంతకంటే ముఖ్యం. అవుట్‌బోర్డ్ బోటుకు వేరే చుక్కాని ఉండదు, ఇంజనే చుక్కాని. గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పినా దాదాపు ఏమీ జరగదు, ఎందుకంటే ఇంజన్ కింద తిరిగే ఫ్యాన్ నీళ్ళను తోయడం లేదు. కారు డ్రైవర్‌కు ఇది ఒంటబట్టడానికి టైం పడుతుంది. కంగారు పుట్టగానే అతని కాలు లేని బ్రేకు కోసం వెతుకుతుంది, చేతులు స్టీరింగ్‌ను గిరగిరా తిప్పేస్తాయి. బోటు మాత్రం వెళ్ళే దారిన వెళ్తూనే ఉంటుంది.

అపోహ: గాలి తోస్తుంటే రేజ్ పెంచి కంట్రోల్ చేయాలి.

జూన్‌లో ఒక ఉదయం కావలి తమ్ముడు ఒకడు జెట్టీకి బోటు తెస్తున్నాడు. పడమటి గాలి బాగా ఉంది. మాకు గాలి చూపించేవి నేలటూరు థర్మల్ పొగ గొట్టాలే. ఆ రోజు పొగ నిటారుగా లేవకుండా సముద్రం వైపు పడుకుని ఉంది. జెట్టీ పది మీటర్ల దూరంలో ఉండగా క్యాబిన్‌కు గాలి కొట్టి ముక్కు పక్కకు పోయింది. తమ్ముడు రేజ్ ఇవ్వబోయాడు. నేను చెయ్యి పట్టుకుని న్యూట్రల్‌లోకి తెచ్చాను. "స్టీరింగ్ ముందు పూర్తిగా గాలి వైపు తిప్పు. తిప్పావా? ఇప్పుడు గేరు వెయ్యి. ఒకటి, రెండు. తీసెయ్." ముక్కు తిరిగి దారిలోకి వచ్చింది, వేగం మాత్రం పెద్దగా పెరగలేదు. మళ్ళీ ఒకసారి అదే. మూడోసారి నేను చెప్పకముందే తనే లెక్కపెట్టుకున్నాడు.

పద్ధతి ఇదే. స్టీరింగ్ ముందు తిప్పాలి, ఆ తర్వాతే గేరు, అదీ రెండు సెకన్ల పాటే. ఆ చిన్న తోపుకు బోటు తిరుగుతుంది, వేగం అందుకునేలోపే గేరు తీసేస్తాం. జెట్టీని ఏ వేగంతో తాకినా నష్టం లేదో, ఆ వేగంతోనే దగ్గరికి రండి. గాలికి గానీ ప్రవాహానికి గానీ ఎదురుగా వస్తే అవే మనకు బ్రేకులవుతాయి. వాటి వెంట వస్తే ఆపడం మన చేతిలో ఉండదు. ఉప్పుటేటిలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. పోటులో నీళ్ళు లోపలికి, పాటులో సముద్రం వైపు నడుస్తాయి. కాబట్టి పొద్దున జెట్టీకి వచ్చిన దిక్కు నుంచే మధ్యాహ్నం కూడా రావాలని నియమం ఏమీ లేదు. లంగరు వేసి ఉన్న పడవల ముక్కులు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే నీటి నడక తెలిసిపోతుంది.

అపోహ: ట్రిమ్ అంటే గేరు పిడి మీద ఉండే బటన్.

నేను ఎక్కువసేపు చెప్పే పాఠం ఇదే. ట్రిమ్ అంటే బోటు నీళ్ళ మీద కూర్చునే తీరు: ముక్కు పైకా కిందకా, ఎడమకు వాలిందా కుడికి వాలిందా. బటన్ నొక్కితే ఇంజన్ కోణం మారుతుంది, అంతే. ముందు సరిచేయాల్సింది బరువు.

ఒకసారి బోటు ఎడమకు వాలి పోతోంది. నేర్చుకునే కుర్రాడు ట్రిమ్ ట్యాబ్ (బోటు వెనక అడుగున ఉండే రేకు) బటన్ మీద వేలు పెట్టి నొక్కుతూనే ఉన్నాడు. నాతో వచ్చే పెద్దాయన ఒకరున్నారు, మేమంతా మామా అని పిలుస్తాం, నలభై ఏళ్ళు వేటకు వెళ్ళిన మనిషి. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఎడమ పక్కన ఉన్న ఐస్ పెట్టెను కాలితో నెట్టి బోటు మధ్యకు తెచ్చాడు. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి క్యాబిన్ గుమ్మం దగ్గర పెట్టాడు. బోటు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఇంజన్ మూలుగు కూడా మారింది, అప్పటిదాకా బరువు లాగుతున్నట్టున్న చప్పుడు తేలికపడింది. "ఇప్పుడు నొక్కుకో అబ్బయ్యా నీ బటన్" అన్నాడు.

లెక్క చూడండి. ఇరవై లీటర్ల క్యాన్ ఇరవై కిలోలు. వంద లీటర్ల పెట్రోలు డెబ్బై అయిదు కిలోల దాకా తూగుతుంది, అది మెల్లగా ఖాళీ అవుతూ ఉంటుంది కాబట్టి వెళ్ళేటప్పటి ట్రిమ్ తిరిగొచ్చేటప్పుడు ఉండదు. ఇక అడుగున చేరే నీళ్ళ సంగతి. నాలుగు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు నేలలో ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే నూట యాభై కిలోలు. ఇద్దరు పెద్దమనుషుల బరువు, అదీ ఒకచోట కూర్చోని బరువు. బోటు ఎటు వాలితే ఆ నీళ్ళన్నీ అటే పరుగెడతాయి, వాలును ఇంకా పెంచుతాయి. అందుకే బయలుదేరేముందు అడుగు నీళ్ళు తోడించకుండా నేను తాడు విప్పనివ్వను.

బరువు సర్దాక బటన్ పని. బయలుదేరేటప్పుడు ఇంజన్‌ను పూర్తిగా లోపలికి, అంటే బోటు వైపుకు దించాలి. రేజ్ ఇస్తే ముక్కు లేస్తుంది, కాసేపటికి బోటు నీళ్ళ మీదికెక్కి చదునుగా పరుగెత్తడం మొదలుపెడుతుంది. అప్పుడు బటన్‌ను కొంచెం కొంచెంగా నొక్కి ఇంజన్‌ను బయటికి తేవాలి. చేతికి స్టీరింగ్ తేలికవుతుంది. రేజ్ మార్చకపోయినా ఇంజన్ చుట్లు కొద్దిగా పెరుగుతాయి, వెనక లేచే నీటి జల్లు బోటుకు దూరంగా జరుగుతుంది. ఈ మూడూ కనబడ్డాయంటే అక్కడ ఆపాలి.

అపోహ: ముక్కు ఎంత లేస్తే అంత స్పీడు.

కాదు. ఇంకా బయటికి తెస్తే ముక్కు ఎగిరి పడటం మొదలవుతుంది, లేచి పడి, లేచి పడి. నడుములు పట్టేస్తాయి. ఇంకా తెస్తే ఫ్యాన్‌కు పైనుంచి గాలి అంది ఇంజన్ ఒక్కసారి అరుస్తుంది గానీ బోటు ముందుకు పోదు. గట్టిగా మలుపు తిప్పేముందు ఇంజన్‌ను కొంచెం లోపలికి తెచ్చుకోవాలి, లేకపోతే మలుపు మధ్యలో ఫ్యాన్ పట్టు వదిలేస్తుంది. ఎదురు అలల్లో ముక్కు కిందకు ఉండాలి, అలను కోసుకుంటూ వెళ్తుంది. వెనక నుంచి అలలు వస్తుంటే ముక్కు కొంచెం పైకి ఉండాలి. ఈ రెండూ తారుమారు చేస్తే ఏం జరుగుతుందో, ఉప్పుటేరు సముద్రంలో కలిసే ముఖద్వారం సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

అపోహ: గాలి తోసిన వైపుకే బోటు వాలుతుంది.

పాలెం కుర్రాళ్ళు దీన్ని అసలు ఒప్పుకోరు, చూపించాల్సిందే. నిలబడి ఉన్న బోటు గాలి తోసిన వైపుకే వాలుతుంది, నిజం. కానీ వేగంగా పోతున్నప్పుడు పక్క గాలి కొడితే క్యాబిన్ బోటు గాలి వచ్చే వైపుకే వాలుతుంది. కారణం మన చెయ్యే. గాలి ముక్కును పక్కకు తోస్తుంది, దారి తప్పకుండా మనం స్టీరింగ్‌ను గాలి వైపు పట్టి ఉంచుతాం. మలుపులో బోటు లోపలికి వాలినట్టే అప్పుడూ గాలి వైపు వాలుతుంది. ఇది తెలియనివాడు మనుషులను లేపి అటూ ఇటూ మారుస్తుంటాడు. చేయాల్సింది, కిందకు దిగిన వైపు ట్రిమ్ ట్యాబ్‌ను దించడం. వెనక అడుగున ఉండే ఆ రేకు నీళ్ళను కిందకు నెట్టి ఆ పక్కను పైకి లేపుతుంది. ఎడమ రేకు దించితే ఎడమ పక్క లేస్తుంది. ఒక్కోసారి కొంచెమే నొక్కాలి, బోటు స్పందించేదాకా ఆగాలి, అప్పుడే ఇంకోసారి నొక్కాలి.

అపోహ: గది ఉన్న బోటు కాబట్టి మామూలు బోటు కన్నా భద్రం.

ఎండకూ వానకూ భద్రమే. బోల్తా విషయంలో గది మనకు సాయం చేయదు. గది ఎత్తు పెరిగేకొద్దీ బరువు పైకి వెళ్తుంది, గాలికి దొరికే గోడ పెద్దదవుతుంది. దాని పైకప్పు మీదికి ముగ్గురు ఎక్కి ఫోటోలు దిగితే బోటు తట్టుకునే వాలు సగానికి సగం పడిపోవచ్చు. నా బోటులో పైకప్పు ఎక్కడం లేదు, ఎంత పెద్దవాళ్ళు అడిగినా లేదు.

2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర కృష్ణలో బోటు బోల్తాపడింది. ఇరవైమందికి పైగా పోయారు, ఎక్కువమంది మన ఒంగోలు వాళ్ళు. కార్తీక మాసం, ఆదివారం, సంగమం చూడటానికి వెళ్ళినవాళ్ళు. ఒంగోలు నుంచి ఎవరు నేర్చుకోవడానికి వచ్చినా నేను ఆ రోజు సంగతి ఎత్తుతాను. ఎందుకంటే టికెట్ కొని ఎక్కిన మనిషికి బోటు బరువు గురించి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తెలియాల్సింది స్టీరింగ్ దగ్గర ఉన్నవాడికి. మనుషులు ఎక్కువైతే దిగమని చెప్పగలగాలి. ఏదైనా కనబడి అందరూ ఒక పక్కకు లేస్తే, ముందు వేగం తగ్గించి, కూర్చోమని అరవగలగాలి. మొహమాటపడేవాడికి నేను బోటు అప్పగించను.

అపోహ: ఈత వచ్చు కాబట్టి లైఫ్ జాకెట్ అక్కర్లేదు.

తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడికి ఈత రాదు. జాకెట్ ఒంటి మీద ఉండాలి, సీటు కింద కాదు. డ్రైవర్ మణికట్టుకు ఇంజన్ స్విచ్‌తో కలిపిన ఎర్ర తాడు ఉండాలి. మనిషి పడితే అది ఊడి ఇంజన్ ఆగుతుంది. అది లేకపోతే ఖాళీ బోటు గుండ్రంగా తిరుగుతూ పడినవాడి మీదికే వస్తుంది.

అపోహ: తలుపులు మూసుకుంటే పొగ లోపలికి రాదు.

బోటు ముందుకు పోతుంటే గది వెనక గాలి వెనక్కి సుడి తిరుగుతుంది, ఇంజన్ పొగను లోపలికే లాగుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ముందు కిటికీ ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంచండి. లోపల పడుకున్నవాళ్ళకు తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే దాన్ని సముద్రం పడకపోవడం అని వదిలేయొద్దు, ముందు బయటి గాలిలోకి తీసుకురండి.

అపోహ: ముఖద్వారం దగ్గర అలలకు దొరక్కుండా ఫుల్ రేజ్‌లో దూసుకుపోవాలి.

లోపలికి వచ్చేటప్పుడు ప్రాణం మీదికి తెచ్చే నమ్మకం ఇది. వెనక నుంచి అల వస్తుంది, భయపడి రేజ్ ఇస్తాం, బోటు ముందున్న అల కొన ఎక్కి అవతలికి జారుతుంది. ఇంజన్ లోపలికి దించి ముక్కు కిందకు పెట్టి ఉంటే ఆ ముక్కు నీళ్ళలో గుచ్చుకుంటుంది, వెనక భాగాన్ని అల పక్కకు తిప్పేస్తుంది, బోటు అలకు అడ్డం పడుతుంది. తర్వాతి అల బోల్తా కొట్టిస్తుంది. వచ్చే పద్ధతి ఏమిటంటే, ఒక అల వీపు మీద కూర్చోవాలి. దాని వేగమే మన వేగం. ముందున్న కొనను దాటకూడదు, వెనకదానికి అందకూడదు. ముక్కు కొంచెం పైకి ఉండాలి. దానికి ముందు బయటే ఆగి అయిదారు నిమిషాలు అలలు చూడాలి. పెద్దవి వరసగా కొన్ని వచ్చి, ఆ తర్వాత కాస్త తెరిపి ఇస్తాయి.

పాటు బలంగా నడుస్తూ సముద్రం గాలి ఎదురు కొడుతుంటే ముఖద్వారంలో అలలు నిటారుగా లేస్తాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు సముద్రం గాలి చాలావరకు అలాగే కొడుతుంది. అప్పుడు పోటు మొదలయ్యేదాకా బయటే ఉండటం మేలు. అలా ఆగాలంటే ట్యాంకులో పెట్రోలు ఉండాలి. అందుకే మూడు వంతుల లెక్క పెట్టుకోండి: వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, మూడో వంతు ఆగడానికి.

అపోహ: రెండు రోజుల్లో వచ్చేస్తుంది.

తిన్నగా నడపడం గంటలో వస్తుంది. మిగతాది చేతికి రావాలి. నేను మొదటి వారం ఎవరినీ జెట్టీ దగ్గరికి కూడా రానివ్వను. రొయ్యల గుంటల పక్కన ఉప్పుటేరు వెడల్పుగా ఉన్న చోట రెండు ఖాళీ క్యాన్లకు రాళ్ళు కట్టి వేస్తాం. వాటి మధ్య దూరం బోటు పొడవుకు ఒకటిన్నర రెట్లు. అదే మా జెట్టీ. ఆ రెండింటి మధ్య బోటును ఆపాలి, గాలి ఎటు ఉన్నా, పాటైనా పోటైనా. క్యాన్‌కు తగిలితే పోయేదేమీ లేదు, మళ్ళీ వెనక్కి వెళ్ళి మళ్ళీ రావాలి. కావలి తమ్ముడు మొదటి రోజు పొద్దున ఇరవై సార్లు వచ్చి రెండుసార్లు ఆపాడు. ఎనిమిదో రోజు, పడమటి గాలి అలాగే ఉండగా, వరసగా అయిదుసార్లు ఆపాడు. అయిదోసారి మామ ముందుకు వంగి చేత్తో క్యాన్‌ను అందుకున్నాడు. ఆ మర్నాడు జెట్టీకి తీసుకెళ్ళాం.