చుండ్రు దాకా వచ్చిన పాదుషా

‘చుండ్రుకు చెక్’, ‘దళారులకు చెక్’, ‘అసమ్మతి నేతలకు అధిష్ఠానం చెక్’... ఈ ఒక్క మాట లేకపోతే మన పేపర్లవాళ్ళకు హెడ్డింగులు పెట్టడం కష్టమైపోయేది. అదే మాట ఇంకో పక్క వేరే పనులెన్నో చేస్తుంటుంది. టైర్లో గాలి చెక్ చేయిస్తాం, బ్యాంకులో చెక్కు వేస్తాం, చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆపుతారు, వాగుకు అడ్డంగా చెక్‌డ్యామ్ కడతారు, పెళ్ళికి చెక్స్ చొక్కా వద్దని ఇంట్లో పోరు పెడతారు. ఆపడం, సరిచూడడం, డబ్బు, గళ్ళు – ఒకదానితో ఒకటి పొంతన లేని ఇవన్నీ ఒకే మాట నుంచి వచ్చినవి. విచిత్రం ఏంటంటే ఆ మాట పుట్టుక ఇంగ్లీషు కాదు, దాని అసలు అర్థం ‘రాజు’.

పారసీకంలోని ‘షా’ అది. మన దగ్గర చతురంగంగా పుట్టిన ఆట పర్షియా చేరాక, అక్కడి ఆటగాళ్ళు ఎదుటివాడి రాజు మీద దాడి పెట్టినప్పుడు “షా!” అని హెచ్చరించేవాళ్ళు, నీ రాజును చూసుకో అని. ఆ రాజుకు ఇక దారే లేకపోతే ‘షా మాత్’. మనం ఆటకట్టు అంటాం, ఇంగ్లీషువాళ్ళు చెక్‌మేట్ అంటారు. అరబ్బీలో ‘మాత్’ అంటే చనిపోయాడని అర్థం కాబట్టి ‘రాజు చచ్చాడు’ అని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, చదరంగంలో రాజును ఎవరూ చంపరు కదా, ‘రాజు నిస్సహాయుడయ్యాడు’ అనే పారసీక అర్థమే ఆటకు బాగా అతుకుతుందని నాకనిపిస్తుంది.

షా కంటే ఇంకా వెనక్కి వెళ్తే మన ఇంటి గడపే కనిపిస్తుంది. క్రీ.పూ. 520 ప్రాంతంలో డేరియస్ చక్రవర్తి ఇరాన్‌లోని బెహిస్తున్ కొండ మీద వేయించిన శాసనంలో తనను ‘క్షాయథియ’ అని, అంటే రాజునని, చెప్పుకున్నాడు. అరిగి అరిగి షా అయింది ఆ మాటే. అందులోని ‘క్ష’, మన క్షత్రం, క్షత్రియుడిలోని ‘క్ష’ ఒకే వేరు నుంచి వచ్చినవి, ఆ వేరుకు అర్థం ఏలడం. అంటే చెక్‌కు క్షత్రియుడు దూరపు చుట్టం.

అరబ్బుల ద్వారా ఆట యూరప్ చేరింది. లాటిన్‌లో ‘ష’ లేదు, అందుకని వాళ్ళ నోట్లో షా కాస్తా ‘స్కాకుస్’ అయింది, పాత ఫ్రెంచిలో ‘ఎస్చెక్’, ఇంగ్లీషువాళ్ళు ముందున్న ‘ఎస్’ కూడా ఊడగొట్టి చెక్ చేశారు. ఆట పేరు చెస్ కూడా ఆ ఫ్రెంచి మాటకు బహువచనమే.

ఇక అర్థాలు. రాజుకు చెక్ పడితే మిగతా ఎత్తులన్నీ ఆపేసి ముందు రాజును కాపాడుకోవాలి, దాంతో మాటకు ‘అడ్డుకోవడం’ అనే అర్థం వచ్చింది. మన చెక్‌డ్యామ్, అసమ్మతి నేతల చెక్ ఆ బాపతు. ఎవరైనా మోసం చేయకుండా అడ్డుకోవాలంటే ఏం చేస్తాం, లెక్క సరిచూస్తాం. అక్కడి నుంచి ‘సరిచూడడం’ అనే అర్థం.

గళ్ళ కథ దీనికంటే బాగుంటుంది. ఫ్రెంచిలో చదరంగం బల్లను ‘ఎస్చెకియే’ అనేవాళ్ళు, మన చొక్కా గళ్ళకు చెక్స్ అనే పేరు ఆ బల్ల గళ్ళ నుంచే. 12వ శతాబ్దం మొదట్లో, మొదటి హెన్రీ కాలంలో, ఇంగ్లండు ఖజానా లెక్కలు ఒక పెద్ద బల్ల మీద తేల్చేవాళ్ళు. సుమారు పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మీద చదరంగం బల్లను తలపించేలా చారలు గీసిన నల్లగుడ్డ. ఒక్కో నిలువు వరుస ఒక్కో విలువకు – పెన్నీలకు ఒకటి, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఇలా పదివేల దాకా. జిల్లాల నుంచి వసూళ్ళు తెచ్చే షెరీఫ్ ఎదురుగా కూర్చుంటే, కట్టాల్సిన మొత్తానికి బిళ్ళలు పై వరుసలో పేర్చి, కట్టినదానికి కింద పేర్చి, పైవి తీసేస్తూ బాకీ తేల్చేవాళ్ళు. రోమన్ అంకెలతో రాసుకుని తీసివేతలు చేయడం నరకం, ఇక్కడైతే లెక్క రానివాడికి కూడా కళ్ళ ముందే కనబడుతుంది. 1170ల చివర్లో ఖజానాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ ఈ పద్ధతంతా రాసిపెడుతూ, ఇది కోశాధికారికీ షెరీఫ్‌కూ మధ్య చదరంగంలాంటి పోరని అన్నాడు. ఆ బల్ల పేరే ఆఫీసుకు పడింది, ఎక్స్‌చెకర్. బ్రిటన్ ఆర్థిక మంత్రి ఇవాళ్టికీ ‘ఛాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’. బడ్జెట్ ప్రవేశపెట్టే మనిషి హోదాలో చదరంగం బల్ల ఉందన్నమాట!

బ్యాంకు చెక్కు మాత్రం ‘సరిచూడడం’ వైపు నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో, డబ్బు చెల్లించమని రాసిన కాగితం చింపి ఇచ్చాక దగ్గర మిగిలే ముక్కను, అంటే కౌంటర్‌ఫాయిల్‌ను, చెక్ అనేవాళ్ళు, దొంగ కాగితం వస్తే దాంతో పోల్చి పట్టుకోవచ్చని. తర్వాత పేరు అసలు కాగితానికే మారింది. బ్రిటిష్‌వాళ్ళు ఎక్స్‌చెకర్‌ను చూసి దాని స్పెల్లింగులో ‘క్యూ’ ఇరికించారు, అమెరికావాళ్ళు మామూలుగానే రాస్తారు, పైగా హోటల్లో బిల్లును కూడా చెక్ అంటారు. మన బ్యాంకులు బ్రిటిష్ స్పెల్లింగే పట్టుకున్నాయి.

చెక్ రిపబ్లిక్‌కు మాత్రం ఈ వంశంతో ఏ సంబంధమూ లేదు, అది అక్కడి స్లావ్ జాతి పేరు. తెలుగులో రాసేటప్పుడు ఒకేలా కనిపిస్తుంది, అంతే.