పాత పంపు స్టవ్వు ఎప్పటిది? అపోహలు - వాస్తవాలు

ముందు చింతపండు పెట్టి తళతళా తోమించేస్తారు. తర్వాత ఫొటో పంపి "ఇది ఎప్పటిదండీ?" అని అడుగుతారు. విజయవాడైనా గుంటూరైనా, గాలి కొట్టి కిరసనాయిలుతో వెలిగించే ఇత్తడి పంపు స్టవ్వులతో వచ్చే తంటా ఇదే.

అపోహ: మెరిపిస్తే విలువ పెరుగుతుంది, అక్షరాలు తేటపడతాయి.

వాస్తవం: ట్యాంకు మీద కంపెనీ ముద్ర పెద్ద లోతుగా ఉండదు. ఇటుకపొడితో రుద్దితే కొంత అరుగుతుంది, పాలిష్ షాపులో బఫ్ చక్రానికి పెడితే మొత్తం సాపైపోతుంది. డీలరు అంటించిన కాగితం చీటీ నీళ్లలోనే కరిగిపోతుంది. పోయిన ముద్రను ఎవరూ తెచ్చివ్వలేరు.

పొడి మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులపండి, అంతే. గది చీకటి చేసి, టార్చిని ట్యాంకుకు దాదాపు ఆనించి పక్కవాటుగా వేయండి. గాట్లలో నీడ పడి అక్షరాలు పైకి తేలతాయి. ట్యాంకు పైభాగం, అడుగు, నూనె పోసే మూత, పంపు గుండీ, ఒక్కోటీ ఫొటో తీయండి. అయినా చదవలేకపోతే పల్చటి కాగితం పరిచి పెన్సిలును పడుకోబెట్టి రుద్దండి. బర్నరు, నిపుల్ (కిరసనాయిలు ఆవిరి చిమ్మే సన్న రంధ్రపు ముక్క) మీది పేరును మాత్రం నమ్మొద్దు. మసిపట్టి పూడుకుపోయినప్పుడల్లా మార్చేసే సామాను అవి. స్వీడన్‌లో తయారైన ట్యాంకు మీద దేశవాళీ బర్నరు ఉండటం మామూలే.

ఇప్పటికే తోమించేశారా? కంగారు పడకండి. కాళ్లు అతికిన చోట, మూత లోపలివైపు, చెయ్యి దూరని మూలల్లో ఇంకా ఏదో మిగిలే ఉంటుంది.

అపోహ: ఇంట్లో "ప్రైమస్" (స్వీడన్ స్టవ్వుల కంపెనీ పేరు) అనేవాళ్లు కాబట్టి స్వీడన్‌దే.

వాస్తవం: ఏ కంపెనీ పంపు స్టవ్వునైనా అలాగే పిలిచేవాళ్లు. అసలు స్వీడన్ ప్రైమస్‌కు 1911 నుంచి తయారైన ఏడాదిని చెప్పే అక్షరం కొట్టేవారు. ఇంగ్లిషు "ఎ" అంటే 1911.

అపోహ: ఐఎస్ఐ ముద్ర దగ్గరున్న ఏడాదే స్టవ్వు పుట్టిన ఏడాది.

వాస్తవం: ఐఎస్ నంబరు (భారత ప్రమాణం సంఖ్య) పక్కన ఉండేది ఆ ప్రమాణం తయారైన ఏడాది. స్టవ్వు అంతకన్నా పాతది కాదని మాత్రమే దాని అర్థం. ఆ ముద్రకు చట్టం వచ్చిందే 1952లో. అదే ముద్ర చూపిస్తూ "తెల్లదొరల నాటిది సార్" అని వేలకు వేలు చెప్పేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

పెట్టె, బిల్లు దొరికితే పని తేలిక. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదే కావచ్చు. "బెజవాడ" అని ఉంటే మాత్రం ఏమీ తేలదు, ఆ మాట ఇవాళ్టికీ వాడుకలోనే ఉంది.

పాత ఇత్తడిలో ఇరిడియం అనే అరుదైన లోహం ఉంటుంది, బియ్యం గింజల్ని లాగుతుంది అంటారా? పచ్చి మోసం. వదిలేయండి.

అపోహ: వెలిగిస్తే మంట తీరు చూసి అసలుదో నకిలీయో చెప్పొచ్చు.

వాస్తవం: చెప్పలేం. పైగా ప్రమాదం. తోలు వాషరు ఎండిపోయి ఉంటుంది, మూత వాషరు బీటలిచ్చి ఉంటుంది, ట్యాంకు అతుకు వదిలి ఉండొచ్చు. తప్పదనుకుంటే తోలు వాషరును నూనెలో నానబెట్టి, మూత వాషరు కొత్తది వేసి, ఖాళీ ట్యాంకుకు నాలుగు పంపులు కొట్టి అతుకుల మీద సబ్బునీళ్లు పూయండి. ఎక్కడ బుడగ లేచినా ఆ స్టవ్వులో కిరసనాయిలు పొయ్యొద్దు.