పది సెకన్ల క్లిప్ ఫ్రీ అని ఎవరు చెప్పారు బాబూ?

చెన్నైలో ఒక తెలుగు స్పోర్ట్స్ డెస్కులో వీడియోలు చూసుకోవడం నా పని. పెద్ద టోర్నీ మొదలైతే చాలు, ఫోనులో ఒకటే ప్రశ్న: "అన్నా, మ్యాచ్ క్లిప్ పది సెకన్ల లోపయితే మన వీడియోలో వాడినా పర్లేదు కదా?"

పర్లేదన్న మహానుభావుడెవరో నాకింతవరకు దొరకలేదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 వార్తల కోసం 'ఫెయిర్ డీలింగ్', అంటే అనుమతి లేకుండానే న్యాయమైన మేరకు వాడుకునే వెసులుబాటు ఇచ్చిన మాట నిజమే. కానీ ఇన్ని సెకన్లని అందులో ఎక్కడా లేదు. క్లిప్ ఎంత వాడారు, ఎందుకు వాడారు, మీరు చెప్పే విషయానికి అది ఆసరానా లేక ఆ సిక్సరే మీ వీడియోనా, ఇవన్నీ లెక్కకొస్తాయి. 'క్రెడిట్స్: ఫలానా ఛానల్' అని రాస్తే అనుమతి వచ్చేసినట్టు కాదు. బొమ్మను కుడి ఎడమలు తిప్పి పెట్టినా అంతే.

2023 ప్రపంచకప్‌లో చెపాక్‌లో ఇండియా, ఆస్ట్రేలియా ఆడిన రోజు గుర్తుందిగా? 2 పరుగులకే 3 వికెట్లు పోయాక కోహ్లీ, రాహుల్ నిలబెట్టారు. ఆ షాట్లను ముక్కలు చేసి తన యూట్యూబ్ ఛానల్‌లో పెట్టాడు చూలైమేడులో ఉండే మన నెల్లూరు కుర్రాడొకడు. తెల్లారేసరికి రెండు స్ట్రైకులు, అంటే యూట్యూబ్ ఇచ్చే కాపీరైట్ హెచ్చరికలు. గది అద్దె ఆ ఛానల్ మీదే. ఏడుపు గొంతుతో "వీడియోలు డిలీట్ చేసేశానన్నా, పోయినట్టే కదా?" అన్నాడు.

పోదు నాన్నా. వీడియో తీసేసినా స్ట్రైకు ఉంటుంది. 90 రోజుల్లో మూడోది పడితే ఛానలే ఎగిరిపోవచ్చు. యూట్యూబ్ పెట్టే 'కాపీరైట్ స్కూల్' అనే చిన్న పాఠం పూర్తి చేసి, ఆ 90 రోజులూ బుద్ధిగా ఉండాలి. ఇంకోటి, యూట్యూబ్ యంత్రమే క్లిప్‌ని గుర్తుపట్టి హక్కుదారు తరఫున వేసే కంటెంట్ ఐడీ క్లెయిము వేరు, స్ట్రైకు వేరు. క్లెయిముకి మామూలుగా పోయేది ఆ వీడియో ఆదాయమే. మెయిల్ సరిగ్గా చదవకుండా భయపడొద్దు.

మిగతా అపోహలు గబగబా. ఒలింపిక్స్‌లో ప్రతి ఛానల్‌కీ అన్నిచోట్లా సొంత కెమెరాలుండవు. 2001లో ఒలింపిక్ కమిటీ పెట్టుకున్న ప్రసార సంస్థ ఓబీఎస్ తీసిన దృశ్యాలే ప్రధానంగా అందరికీ వెళ్తాయి. ఆటల వేళలు ఆటగాళ్ల సౌకర్యం కోసమేనా? 2008 బీజింగ్‌లో ఈత ఫైనల్స్ పొద్దున్నే పెట్టింది అమెరికాలో రాత్రి టీవీ చూసేవాళ్ల కోసం. వార్తల్లో భాషాభిమానం ఉంటుందా అంటే, అది అపోహ కాదు. 2024లో గుకేశ్ ప్రపంచ చెస్ టైటిల్ గెలిచిన రోజు 'తెలుగు కుర్రాడు' అనాలా, 'చెన్నై కుర్రాడు' అనాలా అని మా డెస్కులో గంటసేపు కొట్టుకున్నాం.

నెల్లూరు కుర్రాడు ఇప్పుడు స్కోర్‌కార్డు, సొంత గొంతుతో నడుపుతున్నాడు. మొన్న మళ్లీ ఫోన్. "స్టేడియం గ్యాలరీలోంచి నేనే తీసిందైతే పెట్టొచ్చా అన్నా?"

టికెట్ మీద సన్నక్షరాలు చదివి రమ్మన్నాను.