దేవుని సమయం, దేవుని కృప: పెండ్లి విషయంలో మా సంఘాల్లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

నల్గొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఒక పల్లె సంఘానికి మా ఆయన పాస్టర్. ఇరవై రెండేళ్ళుగా స్త్రీల కూటం నేను చూసుకుంటున్నాను. పెండ్లి కుదిరిన పిల్లలను ప్రధానానికి ముందు కూర్చోబెట్టి మాట్లాడేది, కాపురంలో గొడవ వస్తే రాత్రి పదింటికైనా తలుపు తీసేది కూడా నేనే. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న మాట "దేవుని సమయం రావాలి కదా అమ్మగారూ" అన్నది. నేను కూడా ఆ మాటను మనస్ఫూర్తిగా నమ్ముతాను. కానీ దాన్ని పట్టుకొని చేయాల్సిన పని మానేసినవాళ్ళను, భరించకూడనిది భరించినవాళ్ళను చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దేవుని సమయం కోసం ఆగడం అంటే ఏమీ చేయకుండా కూర్చోవడం.

వాస్తవం ఏమిటో మన తెలుగు బైబిల్లోని మాటే చెబుతుంది. దేవుని కోసం ఎదురుచూడడాన్ని అందులో "కనిపెట్టడం" అన్నారు. ఆ మాటను మన ఇండ్లలో ఎప్పుడు వాడతాం? "పొయ్యి మీద పాలున్నాయి, కొంచెం కనిపెట్టి ఉండు" అంటాం. అంటే కన్ను అక్కడే పెట్టి ఉండమని. యాకోబు పత్రిక 5వ అధ్యాయం 7వ వచనంలో ఇదే మాట రైతు గురించి వస్తుంది, తొలకరి వాన, కడవరి వాన పడేదాకా ఓపికతో కనిపెట్టే రైతు. మన దగ్గర మిరుగం (మృగశిర కార్తె) వచ్చేనాటికి రైతు ఎట్లా ఉంటాడో మీకు తెలుసు. పాత పత్తికట్టె పీకేసి, దుక్కి దున్ని, విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టుకొని మొగులు దిక్కు చూస్తుంటాడు. వాన ఆయన చేతిలో లేదు, దుక్కి మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఒక్క జల్లుకే తొందరపడి గింజ వేస్తే మొలక ఎండిపోయి మళ్ళీ విత్తనాలకు అప్పు చేయాలి, అసలు దున్నకుండా కూర్చుంటే ఎంత మంచి వాన పడినా ఆ చేనుకు ఒరిగేది లేదు. సంబంధాల విషయంలో ఈ రెండు తప్పులూ చేసినవాళ్ళు నా దగ్గరికి వచ్చారు.

రూతు కథ చూడండి. అత్త నయోమితో కలిసి బేత్లెహేముకు వచ్చిన విధవరాలు, చేతిలో ఏమీ లేదు, పొద్దున లేచి యవల చేలో పరిగె ఏరుకోవడానికి పోయింది. పరిగె ఏరడం అంటే నడుము వంగే పని, మా కూటంలో పెద్దవాళ్ళు చాలామంది చిన్నప్పుడు చేసినవాళ్ళే, ఈ భాగం చదివినప్పుడు వాళ్ళ కండ్లలో నీళ్ళు వస్తాయి. ఆ చేను యజమాని బోయజు ఆమెను చూసింది అక్కడ పనిలో ఉన్నప్పుడే. తర్వాత బోయజు కళ్ళం దగ్గరికి పొమ్మని నయోమి చెప్పింది, అంటే ఇంటి పెద్ద కూడా తన వంతు చేసింది. బోయజు ఆ మరునాడే ఊరి గవిని (ద్వారం) దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ముందు పెండ్లి విషయం తేల్చాడు. ఈ కథ అంతటా దేవుని చెయ్యి కనిపిస్తుంది, ఒక్కరు కూడా ఖాళీగా కూర్చున్నట్టు కనిపించదు.

అందుకే "మరి నా దుక్కి ఏంటి అమ్మగారూ" అని అడిగే పిల్లలకు నేను సూటిగా చెప్తాను. అప్పులుంటే ముందు తీర్చు. తాగుడు ఉంటే పెండ్లి పేరు ఎత్తకముందే మానెయ్. కోపం వస్తే గిన్నెలు విసిరే అలవాటుంటే దాని గురించి మాతో మాట్లాడు. నీకు సంబంధం చూస్తున్నారని నలుగురు పెద్దలకు తెలియనియ్. వచ్చిన సంబంధం గురించి వాళ్ళ ఊరికి పోయి అడుగు, వాళ్ళ పాస్టర్‌ను ఒక్కణ్ణే అడిగి ఊరుకోవద్దు, పక్కింటివాళ్ళను, పనిచేసే చోట కూడా అడుగు. ఇట్లా అడగడం విశ్వాసం లేకపోవడం అనుకుంటారు కొందరు, అది తప్పు.

అపోహ: దర్శనంలో చూపించాడు, వాగ్దాన కార్డులో (బైబిల్ వాక్యం రాసి ఉండే కార్డు) వచ్చింది, చీటీ పడింది, కాబట్టి ఒప్పుకోవాల్సిందే.

నన్ను చాలా బాధపెట్టే అపోహ ఇది. "నువ్వే నా భార్యవని దేవుడు చెప్పాడు" అని ఒక అబ్బాయి వచ్చి అంటే, కాదంటే దేవునికి ఎదురు చెప్పినట్టు అవుతుందేమోనని డిగ్రీ చదివిన ఆడపిల్ల కూడా భయపడిపోతుంది. బిడ్డా, ఆదికాండం 24వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదువు. యజమాని కొడుకు ఇస్సాకుకు పిల్లను వెతకడానికి పోయిన అబ్రాహాము దాసుడు బావి దగ్గర ప్రార్థించి గుర్తు అడిగాడు, ఆ గుర్తు అచ్చంగా అట్లాగే జరిగింది, పది ఒంటెలకు రిబ్కా అనే పిల్ల నీళ్ళు చేది పోసింది. అయినా 21వ వచనంలో ఆయన తొందరపడకుండా ఆమెను తేరిచూస్తూ ఊరుకున్నాడని ఉంది. గుర్తు దొరికాక కూడా కనిపెట్టాడు! తర్వాత ఎవరి బిడ్డవని అడిగాడు, ఇంటికి పోయి పెద్దలతో మాట్లాడాడు. ఇంత అయ్యాక రిబ్కానే పిలిచి, ఈ మనిషితో పోతావా అని అడిగారు. పోతాను అని ఆమె తన నోటితో చెప్పింది. అంత స్పష్టంగా దేవుడు నడిపించిన పెండ్లిలోనే పిల్లను అడిగారంటే, మన ఇండ్లలో అడగకుండా ఎట్లా చేస్తాం?

చట్టం కూడా దీన్ని వదిలిపెట్టలేదు. మన పెండ్లిళ్ళకు వర్తించే 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం రిజిస్టరులో వధువు, వరుడు ఇద్దరూ సంతకం పెట్టాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి, పెండ్లి చేసే సేవకునికి ఆ అధికారం ఉండాలి. పిల్లకు 18, పిల్లగానికి 21 నిండాలి. అమ్మాయిని, అబ్బాయిని నేను విడివిడిగా కూర్చోబెట్టి "నీకు ఇష్టమేనా" అని మూడుసార్లు అడుగుతాను. మొదటిసారి అందరూ అవునంటారు. మూడోసారికి ఏడ్చినవాళ్ళున్నారు.

కట్నం గురించి ఇక్కడే ఒక మాట. ఈ సంబంధం దేవుడే కుదిర్చాడని సాక్ష్యం చెప్పి, ఆ సాయంత్రమే బండి ఎప్పుడు ఇస్తారని అడిగే ఇండ్లున్నాయి. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం తీసుకున్నా, ఇచ్చినా నేరమే.

అపోహ: ముప్పై దాటినా పెండ్లి కాలేదంటే ఏదో శాపం, లేదా ప్రార్థన తక్కువైంది.

ఇస్సాకు రిబ్కాను పెండ్లి చేసుకునేనాటికి 40 ఏళ్ళవాడు. పౌలు ఒంటరిగానే సేవ చేశాడు. మన ప్రభువుకు పెండ్లి కాలేదు. ఇంతకన్నా ఏం చెప్పాలి? కానీ సంఘంలో పెద్దమ్మలకు, అత్తమ్మలకు నా మనవి ఒకటుంది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడి మెట్ల మీదనే ఆ పిల్లను పట్టుకొని "ఇంకా ఏమీ కాలేదా బిడ్డా" అని అడగొద్దు. మీ కడుపులో ఉన్న ప్రేమ నాకు తెలుసు, కానీ ఆ ఒక్క ప్రశ్నకు భయపడి గుడికి రావడమే మానేసిన పిల్లలు నాకు తెలుసు.

అపోహ: కృప అంటే క్షమించి, మళ్ళీ అదే ఇంటికి పోయి భరించడం.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. సేవ మొదలుపెట్టిన కొత్తలో, భర్త కొడుతున్నాడని ఒక చెల్లె చంకలో బిడ్డను వేసుకొని నా దగ్గరికి వచ్చింది. నేను "నా కృప నీకు చాలును" అనే వాక్యం చూపించి, ఆమెతో ప్రార్థన చేసి, తిరిగి పంపించాను. నాలుగు రోజులకు చెయ్యి విరిగి ఆసుపత్రిలో కనిపించింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వాక్యం పౌలు తన ఒంట్లో ఉన్న ముల్లు గురించి ప్రార్థించినప్పుడు ప్రభువు ఆయనతో చెప్పిన మాట, భార్యను కొట్టే భర్త చేతికి ఇచ్చే కర్ర కాదు. అది నాకు అర్థం కావడానికి ఒక ఆడబిడ్డ చెయ్యి విరగాల్సి వచ్చింది.

విడాకులు దేవునికి అసహ్యం అని మలాకీ 2:16 అందరూ చెబుతారు. అదే వచనంలో, వస్త్రాన్ని బలాత్కారంతో నింపుకునేవాడు కూడా అసహ్యమని ఉంది, ఆ సగం చదివి వినిపించేవాళ్ళు తక్కువ. క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు. యోసేపును చూడండి. పదిహేడేళ్ళ వయసులో అన్నలు అమ్మేశారు, ముప్పై ఏళ్ళకు ఫరో ముందు నిలబడ్డాడు, ఆ తర్వాత ఏడేళ్ళ పంట, రెండేళ్ళ కరువు. అంటే అన్నల ముందు బయటపడేనాటికి దాదాపు 22 ఏళ్ళు. కరువులో ధాన్యం కోసం వాళ్ళు వచ్చి కాళ్ళ మీద పడగానే "నేనే యోసేపును" అనలేదు. పక్కకు పోయి ఏడ్చాడు, తన గిన్నెను తమ్ముడు బెన్యామీను గోనెలో పెట్టించి పరీక్షించాడు, ఒకప్పుడు తనను అమ్ముదామన్న యూదా ఇప్పుడు తమ్ముని బదులు తాను బానిసగా ఉంటానని ముందుకు వచ్చినప్పుడే తాను ఎవరో చెప్పుకున్నాడు. మనిషి మారాడో లేదో కనిపెట్టి చూడడం పగ పెట్టుకోవడం కాదు.

కాబట్టి ఇప్పుడు ఎవరైనా ఆ స్థితిలో వస్తే ముందు ఆమెను, పిల్లలను భద్రంగా ఉంచుతాం. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరుకు ఫోన్ చేస్తాం, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి తోడు వెళ్తాం. 2005 గృహహింస చట్టం కింద ఆమె రక్షణ కోరవచ్చు, ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా అడగవచ్చు. భర్తతో మా ఆయన, ఇంకో ఇద్దరు పెద్దలు విడిగా మాట్లాడతారు. నెలలు పట్టవచ్చు. మారినవాళ్ళున్నారు, మారనివాళ్ళూ ఉన్నారు, మారాడని నిజంగా కనిపించేదాకా కలిపి కూర్చోబెట్టం. పెండ్లి చేస్తే తాగుడు అదే తగ్గుతుందని నమ్మి పిల్లనిచ్చే తల్లిదండ్రులకు కూడా ఇదే చెప్తున్నాను, ముందు మారనివ్వండి, తర్వాత తారీఖు పెట్టుకుందాం.

అపోహ: ఆషాఢంలో, మూఢంలో పెండ్లి చేస్తే దేవుని సమయం తప్పినట్టే.

మన విశ్వాసంలో ఇవి లేవు. ఫంక్షన్ హాలు దొరికిన రోజు, చుట్టాలు రాగలిగిన రోజు మంచి రోజే.

అపోహ: దేవుడు కలిపిన జంట అయితే గొడవలే రావు.

మహబూబ్‌నగర్ వైపు నుంచి మా సంఘానికి కోడలిగా వచ్చిన ఒక చెల్లె ఉంది. భర్త పుణెలో బిల్డింగ్ పనికి పోతాడు, పాలమూరు ఇండ్లకు ఈ వలస కొత్త కాదు. పెండ్లయిన రెండో ఏడుకే అనుమానాలు, ఫోన్‌లో అరుపులు. "దేవుడు కలిపితే ఇట్లెందుకు అయితది అమ్మగారూ" అని అడిగింది. యాకోబు రాహేలు కోసం ఏడేళ్ళు పనిచేస్తే అవి ఆయనకు కొద్ది రోజుల్లాగా అనిపించాయట, అంత ప్రేమించి చేసుకున్న ఆ ఇంట్లోనే తర్వాత పిల్లల విషయంలో ఇద్దరి మధ్య కోపాలు వచ్చాయని చదివి వినిపించాను. తర్వాత అసలు సంగతి అడిగితే, అతను ఫోన్ చేసినప్పుడల్లా ఇల్లంతా వింటుందట, స్పీకర్ పెట్టి. మనసులో మాట ఒక్కటి కూడా వాళ్ళిద్దరూ చెప్పుకోలేదు. నేను ఆమె అత్తతో కూర్చొని మాట్లాడాను, ఆమె మంచి మనిషి, అర్థం చేసుకుంది. అతనితో కూడా ఫోన్‌లో మాట్లాడి, డబ్బుల లెక్క ఒక రోజు, మనసులో మాట ఇంకో రోజు అని చెప్పాను. ఇప్పుడు ఆదివారం ఆరాధన అయ్యాక ఆ చెల్లె ఫోన్ తీసుకొని గుడి వెనక చింతచెట్టు కిందికి పోతుంది. అరగంట దాకా ఆమెను ఎవరమూ పిలవం.