12 వోల్టుల బ్యాటరీ మీద ఎల్ఈడీ లైట్లు: అపోహలు - వాస్తవాలు

"లైటు పన్నెండు వోల్టులదే కొన్నానండీ, బ్యాటరీ కూడా పన్నెండే. మరి ఎందుకు మాడిపోయింది?" ట్రాక్టర్ లైట్లు రిపేరుకు తెచ్చే రైతులు దాదాపు అందరూ నన్నడిగే మాట ఇదే. రాత్రిపూట దమ్ము చేస్తుండగా మడి మధ్యలో లైటు పోతే ఎంత ఇబ్బందో పడినవాళ్లకే తెలుసు.

అపోహ: 12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ 12 వోల్టులే ఇస్తుంది.

వాస్తవం: ఇంజిన్ నడుస్తుంటే 14.4 దాకా వెళ్తుంది. బాగా దిగిపోతే 10.8కి వస్తుంది.

అపోహ: ఎల్ఈడీకి సిరీస్‌లో (వరసగా) కరెంటును అడ్డుకునే ఒక రెసిస్టర్ వేస్తే చాలు.

వాస్తవం: చిన్న ఇండికేటర్‌కైతే చాలు. 1 వాట్ ఎల్ఈడీలకు చాలదు. మూడు తెల్ల ఎల్ఈడీలు వరసగా కలిపితే వాటికే సుమారు 9.6 వోల్టులు పోతాయి. 12లో మిగిలేది 2.4. కరెంటు 350 మిల్లీ ఆంపియర్లు కావాలంటే 6.8 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తాం. ఇంజిన్ స్టార్ట్ చేశాక అదే రెసిస్టర్ మీద 4.8 వోల్టులు పడతాయి, కరెంటు 700కి చేరుతుంది. వోల్టేజీ పెరిగింది ఐదో వంతే, కరెంటు మాత్రం రెట్టింపు! కరెంటుతో పాటు ఎల్ఈడీ వోల్టేజీ కూడా కాస్త పెరుగుతుంది కాబట్టి మీటరులో కొంచెం తక్కువే కనిపిస్తుంది. కానీ వేడెక్కేకొద్దీ ఆ వోల్టేజీ తగ్గుతుంది, కరెంటు మళ్లీ ఎక్కుతుంది. అలా మాడిన లైటు విప్పితే పసుపు పూత మధ్యలో నల్ల చుక్క కనిపిస్తుంది.

అపోహ: కరెంటును నిలకడగా ఉంచే ఎల్ఎం317 ఐసీ వేస్తే ఇక దిగులు లేదు.

వాస్తవం: నాకిష్టమైన ఐసీయే. 3.6 ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే 347 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలబెడుతుంది. అయితే తను పనిచేయడానికే 3 వోల్టులు తీసుకుంటుంది. అందుకే మూడు ఎల్ఈడీలు కాకుండా రెండే పెట్టండి, బ్యాటరీ దిగినా వెలుగు తగ్గదు. 14.4 దగ్గర ఐసీ, రెసిస్టర్ రెండిట్లో కలిపి 2.8 వాట్ల వేడి పుడుతుంది, ఐసీకి హీట్ సింక్ (వేడిని లాగే లోహపు రేకు) తప్పనిసరి.

అపోహ: వోల్టేజీ పెరిగినప్పుడు బ్యాటరీ వైరులో కరెంటు తగ్గితే డ్రైవర్ (ఎల్ఈడీలకు కరెంటు అందించే సర్క్యూట్) పాడైనట్టే.

వాస్తవం: పీటీ4115 ఐసీతో చేసిన బక్ డ్రైవర్, అంటే వోల్టేజీని తగ్గించి ఇచ్చే డ్రైవర్, సరిగ్గా అలాగే చేయాలి. కొలవాల్సింది ఎల్ఈడీల వైపు కరెంటు. మీటరు ముందే సిరీస్‌లో కలిపి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. ఇంజిన్ ఆపి ఒకసారి, రేస్ చేసి ఒకసారి చూడండి. రెండుసార్లూ అంకె ఒకేచోట నిలిస్తేనే నేను లైటు మూత బిగిస్తాను.