ఉత్తరం కిటికీలో ఎండ: కళా మ్యూజియం కట్టడం మీద అపోహలు - వాస్తవాలు

మ్యూజియం కడుతున్నాం అనగానే అందరి ఫోన్లలోనూ ఒకే ఫొటో తెరుచుకుంటుంది. స్పెయిన్‌లో బిల్బావో ఊళ్ళోని గుగ్గెన్‌హైమ్, 1997లో ఫ్రాంక్ గెరీ కట్టిన మెలికల టైటానియం భవనం. "మనకీ సముద్రం ఉంది కదండీ, అలాంటిదొకటి పడాలి" అంటారు. విశాఖలో ఆర్కిటెక్ట్‌గా ఇరవై ఏళ్ళ పైగా పని చేస్తున్నాను. ఈమధ్య ఒక విశ్వవిద్యాలయం వాళ్ళ కళా మ్యూజియం ప్లాన్ మీద కూర్చున్నప్పుడు చెవిన పడ్డ మాటలివి.

అపోహ: ఎలివేషన్, అంటే భవనం ముఖం, అదిరితే సగం పని అయిపోయినట్టే.

మన ఊళ్ళో ఎలివేషన్‌ని ముందుగా పలకరించేది ఉప్పుగాలి. బాల్కనీ గ్రిల్ ఎన్నేళ్ళు నిలుస్తుందో బీచ్ రోడ్డులో ఉన్నవాళ్ళని అడగండి. కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ ప్రకారం తీరప్రాంతంలో కాంక్రీటు గట్టిదనం కనీసం ఎం30 గ్రేడు ఉండాలి, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవర్, అంటే ఇనుముని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి. సముద్రపు తుంపర నేరుగా పడే చోట 50. మేస్త్రి కవర్ బ్లాకులు పెట్టాడో లేదో ఏ త్రీడీ బొమ్మలోనూ కనపడదు. ఇక ముఖమంతా అద్దాలు అంటారా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక గాజుపెంకులు ఎత్తిపోసుకున్న ఊరిది. గాజు అసలే వద్దనను, బొమ్మలుండే గదికి మాత్రం వద్దంటాను.

అపోహ: ఉత్తరం వైపు కిటికీ పెడితే ఎండ రాదు.

ఇది చదువుకున్నవాళ్ళు చెప్పే అపోహ. పరీక్షలో నేనూ ఇదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. గ్యాలరీకి ఉత్తరపు వెలుతురే మేలు అన్న మాట యూరప్ నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణానే ఉంటాడు. విశాఖ ఉన్నది 17.7 డిగ్రీల అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి ఒరుగుతాడు. జూన్‌లో పొద్దు పొడిచేది కూడా సరిగ్గా తూర్పున కాదు, దాదాపు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి.

ఒక పాత పనిలో ఈ సంగతి నాకు చేతులు కాలాకే తెలిసింది. జూన్‌లో పొద్దున్నే సైటుకి వెళ్తే, రంగులేస్తున్న మేస్త్రి "బాబూ, ఉత్తరం కిటికీలోంచి ఎండేటండీ?" అని నవ్వాడు. కిటికీ పక్కన పడమటి గోడ మీద తలుపంత ఎండ ఏటవాలుగా పడుంది. తర్వాత బయట నిలువు పలకలు బిగించాం. సన్‌షేడ్ నెత్తి మీది ఎండనే ఆపుతుంది, పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా దాని కింద నుంచే దూరతాయి.

ఇంత గొడవ ఎందుకంటే, వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు; కాగితం మీది నీటిరంగులకీ బట్టలకీ 50 లక్స్, తైలవర్ణ చిత్రాలకి 200 లక్స్ దాటనివ్వకూడదన్నది మ్యూజియంల వాడుక. బయట మధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్స్. పైగా ఈ నష్టం పోగవుతూ పోతుంది. 500 లక్స్ కింద ఒక నెల ఉన్నా, 50 లక్స్ కింద పది నెలలు ఉన్నా బొమ్మకి ఒకటే. వెలిసిన రంగు తిరిగి రాదు. అలాగని పగటి వెలుతురు మానెయ్యక్కర్లేదు. టెక్సస్‌లో కింబెల్ మ్యూజియం 1972లో తెరిచారు. అందులో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కమాను కప్పుల నడినెత్తిన సన్నని చీలిక వదిలి, దాని కింద అల్యూమినియం రెక్కలు వేలాడదీశాడు. ఎండ ఆ రెక్కలకి తగిలి మళ్ళీ పైకి, కాంక్రీటు వంపు మీదికి వెళ్ళి, అక్కణ్ణించి మెత్తబడి దిగుతుంది.

అపోహ: ఏసీ పెడితే బొమ్మలు భద్రం.

పొద్దున పదింటికి వేసి సాయంత్రం ఐదుకి కట్టేసే ఏసీ, ఏసీ లేకపోవడం కంటే ప్రమాదం. 32 డిగ్రీల వేడి, 70 శాతం తేమ విశాఖకి మామూలే. అలాంటి గాలి 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా నీరు పడుతుంది. పగలంతా 22కి చల్లబడ్డ గోడకి రాత్రి ఆ గాలి తగిలితే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమర్చుతుంది. వేసవి సెలవుల్లో ఏసీలు ఆపేసిన ఒక చోట ఫ్రేము తిప్పి చూశాను. ముందు నుంచి బొమ్మ లక్షణంగా ఉంది, కాన్వాసు వెనకంతా తెల్లటి బూజు చుక్కలు. తేమ 65 శాతం పైన నిలిచిందంటే బూజుకి పండగే.

దీనికి మందు యంత్రాల్లో కంటే ప్లాన్‌లోనే ఎక్కువుంది. గ్యాలరీలు నడిమధ్యలో పెట్టి, చుట్టూ నడవాలు, క్లాసు గదులు, వరండా. అంటే గదిలో గది. బయటి గోడకి బొమ్మ తగిలించకూడదు. తప్పదంటే వెనక గాలి ఆడేలా చెక్కబిళ్ళలు పెట్టాలి. తేమ లాగే యంత్రం రాత్రంతా నడవాలి, కరెంటు పోతే జనరేటర్ లైన్లో మొదటి వరస దానిదే. వీసీ గారి గది ఏసీ ఆ తర్వాత.

అపోహ: బొమ్మలు దాచే స్టోర్‌కేముంది, సెల్లార్ ఉందిగా.

వద్దు. వాననీళ్ళు, చెదలు, నెత్తిన డ్రైనేజీ పైపు. స్టోర్ పై అంతస్తులోనే ఉండాలి. అక్కడికి వెళ్ళే ప్రతి తలుపూ, ప్రతి మలుపూ, లిఫ్టూ మీ దగ్గరున్న అతి పెద్ద కాన్వాసుని చూసి గీయాలి. ఎనిమిదడుగుల బొమ్మ ఏడడుగుల తలుపు దగ్గర ఆగిపోవడం చూశాను.

అపోహ: యూనివర్సిటీ మ్యూజియం అంటే ఊరి మ్యూజియంకి తమ్ముడు.

వయసులో చూస్తే అన్నే. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ 1683లో తెరిచారు. మన దేశంలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో భారత్ కళా భవన్ ఉంది. 1953లో లూయీ కాన్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి కట్టిన గ్యాలరీలో మొదట్లో ఆర్కిటెక్చర్ విద్యార్థుల స్టూడియోలు కూడా ఉండేవి. తీగలూ గొట్టాలూ త్రికోణాల కాంక్రీటు కప్పులో ఇమిడిపోయాయి కాబట్టి కింద అడ్డుగోడల్ని ఎటైనా జరుపుకోవచ్చు.

మా ప్లాన్‌లో నాకు ముఖ్యమైనది ఒక చిన్న గది. పెద్ద బల్ల, ఇరవై కుర్చీలు, నిలువు పలకల వెనక ఉత్తరం కిటికీ. స్టోర్‌లోంచి ఒక్క వస్తువు తెచ్చి ఆ బల్ల మీద పెడితే క్లాసంతా చుట్టూ కూర్చుని చూడాలి. ఏటికొప్పాక లక్కబొమ్మని అద్దాల పెట్టెలో చూసిన పిల్లాడికి అంకుడు కర్ర చేతికి ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? ఆ గదిని వీఐపీ లాంజ్ చేద్దామని ఇప్పటికి రెండుసార్లు అడిగారు. అందుకే ఈసారి స్టోర్‌కి దారి ఆ గదిలోంచే గీశాను. ఇది తియ్యాలంటే అదీ కదపాలి.